జట్టును కొంటారా, పెంచుతారా?



శివరాత్రి మొదలు ఉగాది దాటేదాకా మన కర్నూలు, నంద్యాల పల్లెల్లో ఎక్కడో ఒకచోట తిరునాళ్ల జరుగుతూనే ఉంటుంది. చాలాచోట్ల దానితోపాటు బండలాగుడు పోటీ ఉంటుంది. ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లకు దీని గురించి నేను చెప్పనక్కర్లేదు. విమానాశ్రయం వచ్చాక, ఫ్యాక్టరీలు మొదలయ్యాక ఉద్యోగాల మీద ఓర్వకల్లు వైపు వచ్చిన కుటుంబాలు కూడా ఇప్పుడు మన స్కూల్లో ఉన్నాయి కాబట్టి వాళ్ల కోసం రెండు ముక్కలు. పెద్ద బండరాయికి గొలుసు వేసి ఎద్దుల జతకు కడతారు. ఇచ్చిన సమయంలో ఏ జత ఎక్కువ దూరం లాగితే దానికి మొదటి బహుమతి. పళ్లు చూసి వయసు కట్టి పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, సీనియర్లు అని విభాగాలు చేస్తారు. గెలిచిన ఎద్దుల మెడలో దండలు వేసి, పక్కన నిలబడి ఫొటో దిగుతారు.

ఆ జత ఆ రైతు దగ్గరికి ఎలా వచ్చిందో ఫొటో చెప్పదు. కొందరు తమ ఆవుకు పుట్టిన కోడెదూడనే పెంచుతారు. పాలు మాన్పించిన రోజు నుంచి పోటీకి దించే రోజు వరకు ఏళ్ల తరబడి ఉలవలు పెట్టడమే తప్ప పైసా రాబడి ఉండదు. కొందరికి ఒక ఎద్దు బ్రహ్మాండంగా కుదురుతుంది, దానికి జోడీ కుదరదు. అదే చిక్కులో ఉన్న ఇంకో రైతును వెతుక్కుని మార్పిడి చేసుకుంటారు, తేడా ఉంటే పైన డబ్బిస్తారు. ఇంకొందరు నిరుడు గెలిచిన జతనే లక్షలు పోసి తోలుకొస్తారు.

పెంచడం, మార్చుకోవడం, కొనడం. మీరు టీవీలో చూసే ఐపీఎల్ జట్టయినా, అమెరికాలో మీ తమ్ముడో మరదలో చూసే బేస్‌బాల్ జట్టయినా ఈ మూడు దారుల్లోనే తయారవుతుంది. స్కూలు పత్రికలో దీని గురించి ఎందుకంటే, ఈ బ్రాంచిలో ఆటల విభాగం చూసేవాడిగా ప్రతి పేరెంట్స్ మీటింగులో నాకు రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. "సార్, మావాడు ఐపీఎల్‌కు పోతాడా?" అనేది ఒకటి. "మొత్తం మీద ఎంత ఖర్చవుతుంది?" అనేది రెండోది. "ఎన్నేళ్లు పడుతుంది?" అని అడిగేవాళ్లు తక్కువ. నా దృష్టిలో ముందు అడగాల్సింది అదే. ఎందుకో మన హైదరాబాద్ జట్టు కథే చెబుతుంది.

2008లో ఐపీఎల్ మొదలైనప్పుడు హైదరాబాద్ జట్టు పేరు డెక్కన్ చార్జర్స్. మొదటి వేలంలో ఆ యాజమాన్యం ఆస్ట్రేలియా ఆటగాడు ఆండ్రూ సైమండ్స్‌ను 13.5 లక్షల డాలర్లకు కొన్నది. ఆ రోజు అంతకన్నా ఎక్కువ పలికింది ధోనీ ఒక్కడే. గిల్‌క్రిస్ట్, గిబ్స్, అఫ్రిది, కుర్రాడు రోహిత్ శర్మ, కెప్టెన్‌గా మన లక్ష్మణ్. కాగితం మీద ఇంత బలమైన జట్టు ఇంకోటి లేదన్నారు. ఎనిమిది జట్లలో ఎనిమిదో స్థానంలో నిలిచింది. పద్నాలుగు మ్యాచ్‌ల్లో గెలిచింది రెండే.

మరుసటి ఏడాది అదే జట్టు దక్షిణాఫ్రికాలో కప్పు గెలిచింది. 2009 మే 24న జొహానెస్‌బర్గ్ ఫైనల్లో బెంగళూరును 6 పరుగుల తేడాతో ఓడించింది. ఏం మారింది? గిల్‌క్రిస్ట్ కెప్టెన్ అయ్యాడు, ఆర్పీ సింగ్ 23 వికెట్లు తీశాడు. వాటితోపాటు హైదరాబాద్ రంజీ జట్టులో ఆడుతూ వచ్చిన ప్రజ్ఞాన్ ఓజా, తిరుమలశెట్టి సుమన్ లాంటి కుర్రాళ్లు పనికొచ్చారు. వాళ్లకు పెట్టింది సైమండ్స్ ధరతో పోలిస్తే చిల్లర. పెద్ద పేర్ల మధ్య ఖాళీలు పూడ్చే మనుషులు లేకపోతే పెద్ద పేర్లు నిలబడవని ఆ రెండేళ్లలో తెలిసింది.

ఆ పాఠం ఎక్కువ కాలం నిలవలేదు. 2011 వేలానికి ముందు డెక్కన్ చార్జర్స్ ఒక్క ఆటగాణ్ని కూడా అట్టిపెట్టుకోలేదు. మూడేళ్లు ఇక్కడ రాటుదేలిన రోహిత్ శర్మను ముంబై 20 లక్షల డాలర్లకు పట్టుకుపోయింది. తరువాత అతను కెప్టెన్‌గా ముంబైకి ఐదు కప్పులు తెచ్చాడు: 2013, 2015, 2017, 2019, 2020. డెక్కన్ చార్జర్స్ 2012తో చరిత్రలో కలిసిపోయింది. నీళ్లు పోసింది ఒకరు, కాయలు కోసుకుంది ఇంకొకరు.

2013 నుంచి సన్‌రైజర్స్ వచ్చింది. 2016లో వాళ్లు కప్పు గెలిచిన జట్టును గుర్తు తెచ్చుకోండి. 2014 వేలంలో 5.5 కోట్లకు వచ్చిన వార్నర్ ఆ సీజన్లో 848 పరుగులు చేశాడు. 4.25 కోట్లకు వచ్చిన భువనేశ్వర్ 23 వికెట్లు తీశాడు. బంగ్లాదేశ్ కుర్రాడు ముస్తాఫిజుర్‌ను 1.4 కోట్లకు తీసుకున్నారు. మార్కెట్లో దొరికే అత్యంత ఖరీదైన సరుకు కాదది. చూసి, బేరమాడి, అవసరానికి కొన్న సరుకు.

మరుసటి ఏడాది, అంటే 2017 వేలంలో, హైదరాబాద్ ఆటో డ్రైవర్ కొడుకు మహమ్మద్ సిరాజ్‌ను 20 లక్షల కనీస ధర నుంచి 2.6 కోట్ల దాకా పాడి సన్‌రైజర్సే తీసుకుంది. ఊరి కుర్రాడు ఊరి జట్టుకు వచ్చాడని అందరం సంతోషించాం. ఒక్క సీజన్! 2018 వేలంలో అదే 2.6 కోట్లకు బెంగళూరు తీసుకుంది. అక్కడ ఏడేళ్లు ఆడాడు. బాగా ఆడిన రోజులున్నాయి, బాగా తిట్లు తిన్న రోజులూ ఉన్నాయి. 2025లో గుజరాత్ 12.25 కోట్లు పెట్టింది. అదే ఏడాది ఇంగ్లండ్‌లో ఐదు టెస్టుల్లో 23 వికెట్లు తీశాడు. హైదరాబాద్‌కే చెందిన తిలక్ వర్మ కూడా సన్‌రైజర్స్‌లో లేడు. 2022లో 1.7 కోట్లకు ముంబై తీసుకుంది, 2025కు వచ్చేసరికి 8 కోట్లు ఇచ్చి అట్టిపెట్టుకుంది.

హైదరాబాద్ జట్టులో హైదరాబాద్ వాళ్లు లేరేమిటని 2021లో గొడవ కూడా జరిగింది. నాకు ఆ కోపం అర్థమవుతుంది కానీ దాన్ని పూర్తిగా ఒప్పుకోను. వేలంలో చెయ్యెత్తేవాడికి ఊరి మీద ప్రేమ ఉండాలని ఎక్కడా రాసి లేదు. నాకు బాధ కలిగించేది వేరే సంగతి. పక్క వీధిలో ఉన్నవాడు ఏమవుతాడో పక్క రాష్ట్రం వాళ్లు ముందు కనిపెట్టారు.

ఇక మార్పిడి సంగతి. ఇది నాకు బాగా ఇష్టమైన కథ. 2018 సీజన్ అయిపోయాక సన్‌రైజర్స్ శిఖర్ ధవన్‌ను ఢిల్లీకి ఇచ్చి ముగ్గురిని తెచ్చుకుంది: విజయ్ శంకర్, షాబాజ్ నదీమ్, ఇంకొక పద్దెనిమిదేళ్ల కుర్రాడు. ఆ కుర్రాడి ధర 55 లక్షలు. ధవన్ ఢిల్లీకి వెళ్లి 2019లో 521 పరుగులు, 2020లో 618 పరుగులు చేశాడు. ఇంత మోసపోయిన బేరం లేదని టీ కొట్ల దగ్గర అందరూ నవ్వారు. ఆ మూడో కుర్రాడు అభిషేక్ శర్మ. 2022లో అతని కోసం మళ్లీ వేలంలో పోటీపడి 6.5 కోట్లు పెట్టాల్సి వచ్చింది. 2024లో 484 పరుగులు చేశాడు. 2025 ఏప్రిల్‌లో ఉప్పల్‌లో పంజాబ్ మీద 55 బంతుల్లో 141 కొట్టాడు. ఐపీఎల్‌లో భారతీయుడెవరూ ఒక ఇన్నింగ్స్‌లో అప్పటివరకు అన్ని పరుగులు చేయలేదు. మార్పిడి జరిగింది 2018లో, దాని ఫలితం కళ్లబడింది 2024లో. మధ్యలో ఐదు సీజన్లు.

ఇప్పుడు కొనడం గురించి కొంచెం లెక్క వేద్దాం. పిల్లల ఫీజులు, ఇంటి లోను, కిరాణా బిల్లు ఒకే జీతంలో సర్దే మీకు ఈ లెక్క కష్టం కాదు. 2025 సీజన్‌కు ప్రతి ఐపీఎల్ జట్టుకూ 120 కోట్లు మాత్రమే ఖర్చు పెట్టే హక్కు ఉండేది. ఎంత ఉన్నవాడైనా అంతే. సన్‌రైజర్స్ క్లాసెన్‌కు 23 కోట్లు, కమిన్స్‌కు 18, అభిషేక్‌కు 14, హెడ్‌కు 14, నితీశ్ కుమార్ రెడ్డికి 6 ఇచ్చి ఐదుగురిని అట్టిపెట్టుకుంది. అక్కడికే 75 కోట్లు. మిగిలిన 45లో ఇషాన్ కిషన్‌కు 11.25, షమీకి 10, హర్షల్ పటేల్‌కు 8 పోయాయి. ఎనిమిది మందికి 104 కోట్లు దాటింది. మిగతా జట్టంతా పదహారు కోట్లలోపే. నిరుడు ఫైనల్ దాకా వెళ్లిన జట్టు ఆ ఏడాది ఆరో స్థానంలో ఆగిపోయింది. అదే సీజన్‌కు లక్నో రిషభ్ పంత్ ఒక్కడికే 27 కోట్లు పెట్టింది. ఏడో స్థానం.

డబ్బు పెట్టడం తప్పని నేను అనడం లేదు. కమిన్స్‌కు 20.5 కోట్లు పెట్టినప్పుడు నవ్వినవాళ్లు 2024లో అతని జట్టు ఒకే సీజన్లో 277, 287 పరుగులు కొట్టి ఫైనల్‌కు వెళ్తుంటే లేచి చప్పట్లు కొట్టారు. ఫైనల్లో 113కే కూలిపోవడం వేరే కథ. నేను చెప్పేది ఒక్కటే. సంచిలో డబ్బు అందరికీ సమానంగా ఉన్నచోట, తక్కువకు వచ్చి ఎక్కువ ఆడేవాడు ఎవరి దగ్గర ఉంటే వాడిదే పైచేయి. అలాంటివాడు వేలంలో అరుదుగా దొరుకుతాడు. వాణ్ని ఎవరో ఎక్కడో ముందే పెంచి ఉండాలి.

ఎవరు పెంచుతారు? అమెరికా బేస్‌బాల్‌కూ మన ఐపీఎల్‌కూ పెద్ద తేడా ఇక్కడే ఉంది. అక్కడ మేజర్ లీగ్‌లోని ప్రతి క్లబ్బుకూ కింద నాలుగు మెట్లలో అనుబంధ జట్లు ఉంటాయి. ఏటా డ్రాఫ్ట్ పేరుతో స్కూలు, కాలేజీ కుర్రాళ్లను వరుసలో ఎంచుకుంటారు. ఎంచుకున్నవాణ్ని కింది మెట్టులో ఏళ్లపాటు ఆడించి పైకి తెస్తారు. పైకొచ్చాక కూడా ఆరేళ్ల సర్వీసు పూర్తయ్యేదాకా ఆటగాడు తనంతట తాను వేరే క్లబ్బుకు వెళ్లలేడు. అంటే పెంచిన క్లబ్బుకు పంట కోసుకునే సమయం ఉంటుంది, అందుకే పెంచడానికి డబ్బు పెడుతుంది.

లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ అనే క్లబ్బు 2023 డిసెంబరులో జపాన్ ఆటగాడు ఒహ్తానీతో పదేళ్లకు 70 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. తరువాత 2024లో, 2025లో వరసగా టైటిల్ గెలిచింది. డబ్బుతో కొన్నారని అందరూ అన్నారు. నిజమే, కొన్నారు. అదే జట్టులో మూకీ బెట్స్ 2020లో బోస్టన్ నుంచి మార్పిడిలో వచ్చినవాడు. 2025 ఫైనల్ సిరీస్ ఏడో మ్యాచ్, పదకొండో ఇన్నింగ్స్‌లో విజయాన్ని తేల్చిన హోమ్ రన్ కొట్టింది విల్ స్మిత్ అనే ఆటగాడు. అతణ్ని ఆ క్లబ్బు 2016 డ్రాఫ్ట్‌లో తీసుకుని సొంతంగా పెంచుకుంది. మూడు దారులూ ఒకే జట్టులో ఉన్నాయి, కానీ పేపర్లో తాటికాయంత అక్షరాలు పడింది ఒక్కదానికే.

ఐపీఎల్ ఫ్రాంచైజీకి అలాంటి కింది మెట్లు లేవు. మూడేళ్లకోసారి మహావేలం వస్తుంది, చాలామందిని వదిలేయాల్సిందే. వచ్చే మహావేలంలో వేరేవాడు ఎగరేసుకుపోయే మొక్కకు ఏ యజమాని నీళ్లు పోస్తాడు? అందుకే మన దేశంలో పెంచే పని రాష్ట్ర క్రికెట్ సంఘాలు, జిల్లా కోచ్‌లు, అనంతపురంలో ఆర్డీటీ లాంటి స్వచ్ఛంద సంస్థలు చేస్తున్నాయి. వీళ్లందరికన్నా ఎక్కువగా మీ ఇళ్లు చేస్తున్నాయి. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు అనంతపురం ఆర్డీటీ మైదానంలో జరిగినప్పుడు చాలామంది "అక్కడ అంత మంచి గ్రౌండ్ ఉందా?" అని ఆశ్చర్యపోయారు. అది ఒక్క రోజులో వెలిసింది కాదు.

నితీశ్ కుమార్ రెడ్డి సంగతి చూడండి. విశాఖపట్నం కుర్రాడు. 2017-18లో పదహారేళ్లలోపు పిల్లల విజయ్ మర్చంట్ ట్రోఫీలో ఆంధ్రా తరఫున 1,237 పరుగులు చేశాడు, అందులో నాగాలాండ్ మీద 441 ఒక్క ఇన్నింగ్స్‌లోనే. ఆ పేరు అప్పుడు మీలో ఎంతమంది విన్నారు? 2020లో రంజీ ఆడాడు. 2023 సీజన్‌కు సన్‌రైజర్స్ 20 లక్షలకు తీసుకుంది, ఆ ఏడాది ఆడింది రెండు మ్యాచ్‌లు. 2024లో 303 పరుగులతో వర్ధమాన ఆటగాడి అవార్డు. ఆ డిసెంబరులో మెల్‌బోర్న్ టెస్టులో 114. స్టాండ్స్‌లో తండ్రి కన్నీళ్లు దేశమంతా చూసింది. 20 లక్షలు 6 కోట్లయ్యాయి. ఆరేళ్లు ఎవరూ చూడని ఆటకు ఎవరు ఖర్చు పెట్టారు? ఇల్లు పెట్టింది, ఆంధ్రా క్రికెట్ సంఘం పెట్టింది. కొడుకు ఆట కోసం అతని తండ్రి హిందుస్థాన్ జింక్‌లో ఉద్యోగం వదులుకున్నాడు. దయచేసి దీన్ని చదివి ఎవరూ ఉద్యోగం మానేయకండి! ఒక్క నితీశ్ వెనకాల అలా వదులుకుని ఏమీ దక్కని తండ్రులు ఎంతమందో లెక్కపెట్టే పుస్తకం లేదు.

మన సీమ అమ్మాయిలను కూడా చెప్పుకోవాలి, మనం తక్కువగా చెప్పుకుంటాం. ఆదోనిలో పుట్టిన ఎడమచేతి ఫాస్ట్ బౌలర్ అంజలి శర్వాణి 2022 డిసెంబరులో ఆస్ట్రేలియా మీద భారత జట్టుకు ఆడింది. మహిళల ప్రీమియర్ లీగ్ తొలి వేలంలో యూపీ జట్టు 55 లక్షలకు తీసుకుంది. కడప జిల్లా నుంచి వచ్చిన ఎడమచేతి స్పిన్నర్ శ్రీచరణిని 2025 సీజన్‌కు ఢిల్లీ అదే 55 లక్షలకు తీసుకుంది. ఆ ఏడాది జూన్‌లో ఇంగ్లండ్‌లో తొలి టీ20లోనే 12 పరుగులకు 4 వికెట్లు, నవంబరు 2న నవీ ముంబైలో ప్రపంచకప్ విజయం, టోర్నీ మొత్తంలో 14 వికెట్లు. చిన్నప్పుడు ఆమె ఆడింది క్రికెట్ ఒక్కటే కాదు, వేరే ఆటలు ఆడాకే అటు వచ్చింది. ఐదో తరగతిలోనే "మా పాపను ఏ ఆటకు ఫిక్స్ చేయమంటారు సార్?" అని అడిగే తల్లులు ఈ మాట గుర్తుంచుకోవాలి. అన్ని ఆటలూ ఆడనివ్వండి. ఏది పట్టుకుంటుందో అదే పట్టుకుంటుంది.

ఇప్పుడు మన ఇంటి విషయానికి వస్తాను. ఇది కొంచెం ఇబ్బంది కలిగించే విషయం, అయినా చెప్పాలి.

కార్పొరేట్ స్కూళ్లకూ మహావేలం ఉంటుంది. జనవరి నుంచి జూన్ దాకా. పక్క స్కూల్లో ఎనిమిదో తరగతిలో మంచి మార్కులు వచ్చిన పిల్లవాడి ఇంటికి ఫోన్లు వస్తాయి. ఫీజులో సగం తగ్గిస్తామంటారు, హాస్టల్ ఉచితమంటారు. జోనల్ స్థాయిలో వంద మీటర్ల పరుగు గెలిచిన అమ్మాయికీ ఇలాగే వస్తాయి. తొమ్మిదో తరగతిలో చేరినవాడు పదిలో మెరిస్తే, కొత్త స్కూలు ఫ్లెక్సీ మీద వాడి ఫొటో వెలుస్తుంది. మొదటి తరగతి నుంచి ఎనిమిది దాకా కూర్చోబెట్టి అక్షరం దిద్దించిన టీచర్ పేరు ఎక్కడా ఉండదు. అది ఊళ్లో చిన్న ప్రైవేటు బడి కావచ్చు, ప్రభుత్వ బడి కావచ్చు. ఈ పద్ధతికి దూరంగా ఉన్న కార్పొరేట్ సంస్థలు తక్కువ. మన స్కూలునూ కలిపే అంటున్నాను.

పిల్లవాడికి రాయితీ దొరకడం మంచిదే. ఇబ్బంది ఎక్కడంటే, ఒక సంస్థ ర్యాంకర్లను కొనడానికి పెట్టే ప్రతి రూపాయీ ఇంకో చోట తగ్గుతుంది. ఐపీఎల్ సంచిలాగే స్కూలు సంచికీ అడుగు ఉంది. తొమ్మిదిలో చేరిన నలుగురు ర్యాంకర్ల రాయితీ భారం, ఆరో తరగతి చదువుతున్న మీ అబ్బాయి సెక్షన్‌కు రెండో సైన్స్ టీచర్ రాకపోవడంలోనో, మా విభాగానికి ఇంకో కోచ్ రాకపోవడంలోనో తేలుతుంది. పూర్తి ఫీజు కట్టేది మీరు. కాబట్టి అడిగే హక్కు మీకే ఎక్కువ ఉంది.

కోచింగ్ సెంటర్ల విషయంలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. ర్యాంకు వచ్చిన విద్యార్థి ఫొటో వేసుకుంటే వాడు ఏ కోర్సు తీసుకున్నాడు, ఎంతకాలం చదివాడు, డబ్బు కట్టాడా లేదా అనేది దాచకూడదు. ఫలితం వచ్చాక ఆ విద్యార్థి రాతపూర్వక అనుమతి కూడా ఉండాలి. వారం రోజుల మాక్ ఇంటర్వ్యూకు వచ్చినవాణ్ని రెండేళ్లు మేమే చదివించాం అన్నట్టు చూపించకుండా ఉండటానికే ఇది. స్కూలు ఫ్లెక్సీల విషయంలో అదే ప్రశ్న మీరు నోటితో అడగవచ్చు: "ఈ బిడ్డ మీ దగ్గర ఏ తరగతిలో చేరింది?" అడ్మిషన్ కౌంటర్ దగ్గర ఈ ఒక్క మాట అడిగి చూడండి, సమాధానం ఎంత నెమ్మదిగా వస్తుందో.

మారడమే తప్పంటావా అని అడగవచ్చు. అనను. సిరాజ్ హైదరాబాద్‌లోనే ఉండి ఉంటే బెంచీ మీదే కూర్చునేవాడేమో. మా స్కూల్లో అథ్లెటిక్స్ ట్రాక్ లేదు. నిజంగా పరుగులో సత్తా ఉన్న అమ్మాయికి ట్రాక్ ఉన్న చోటికి వెళ్లమని నేనే చెబుతాను. ఒక చోట ఆడే అవకాశం రాకపోతే, నేర్పేవాడు లేకపోతే, పిల్లవాడు రోజూ ముడుచుకుపోతుంటే మార్చండి. కానీ ఏటా జూన్‌లో ఎక్కువ రాయితీ ఇచ్చినవాడి దగ్గరికి మారుస్తూ పోతే, మీ పిల్లవాణ్ని మూడేళ్లు వరసగా చూసిన టీచర్ ఒక్కరూ మిగలరు. ఎడమకాలు ముందుకు పెట్టేటప్పుడు తలెందుకు పక్కకు వంగుతోందో, లెక్కల్లో భిన్నాల దగ్గరే ఎందుకు ఆగిపోతున్నాడో కనిపెట్టడానికి నాకైతే కనీసం రెండేళ్లు పడుతుంది. కొత్త కోచ్ దగ్గర ఆ లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. వయసు మాత్రం ఆగదు. స్కూల్ గేమ్స్‌లో అండర్-14, అండర్-17, అండర్-19 అని మూడే గడులు.

వయసు అన్నాను కాబట్టి ఒక మాట. ఎద్దుల పోటీలో పళ్లు చూస్తారు, అబద్ధం చెప్పలేం. పిల్లల పోటీల్లో బర్త్ సర్టిఫికెట్ దిద్దితే దొరకదనుకునే తండ్రులు ఇంకా ఉన్నారు. బీసీసీఐ పదహారేళ్లలోపు పిల్లలకు మణికట్టు ఎముక ఎక్స్‌రే తీయించి వయసు కడుతోంది. ఇది నాతో అడగకండి, నేను చేయను.

ఓర్వకల్లు పేరు రాష్ట్రమంతా తెలిసింది విమానాశ్రయంతో కాదు, అంతకు చాలా ముందే మన మండలం పొదుపు సంఘాలతో. చిన్న మొత్తాలు కూడబెట్టి, తమలో తామే అప్పులిచ్చుకుని ఎదిగిన ఆడవాళ్లు ఈ ఊళ్లోనే ఉన్నారు. వాళ్ల మనవలు, మనవరాళ్లు కొందరు ఇప్పుడు మన స్కూల్లో చదువుతున్నారు. నెలనెలా కట్టే చిన్న మొత్తం మొదటి ఏడాది ఎంత తక్కువగా కనిపిస్తుందో, దాన్ని మధ్యలో తీసేస్తే ఏమవుతుందో వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. మైదానంలో రోజుకు నలభై నిమిషాలూ అలాంటివే. పరీక్షలొచ్చాయని నవంబరులోనే ఆటల పీరియడ్ ఎత్తేయమని అడిగే తల్లిదండ్రులకు నా విన్నపం: అడగకండి. మేనేజ్‌మెంట్ తనంతట తాను ఎత్తేస్తే మాత్రం గట్టిగా అడగండి.

వచ్చే పేరెంట్స్ మీటింగులో నన్ను ఒకటి అడగమని కోరుతున్నాను. స్కూలు క్రికెట్ జట్టు పదకొండు మందిలో, కబడ్డీ ఏడుగురిలో, ఆరో తరగతికి ముందు నుంచి ఇక్కడే ఉన్నవాళ్లు ఎందరు? పేర్ల పక్కన చేరిన సంవత్సరం రాసి ఆ జాబితాను మెయిన్ గేటు పక్కన నోటీసు బోర్డులో పెట్టడానికి ప్రిన్సిపల్ గారి అనుమతి కోరాను. పదో తరగతి ఫలితాల ఫ్లెక్సీలోనూ ఫొటో కింద ఆ సంవత్సరం వేయాలని అదే కాగితంలో రాశాను. జవాబు ఇంకా రాలేదు. మీలో పదిమంది డైరీలో ఒక లైను రాసి పంపితే త్వరగా వస్తుందని నా నమ్మకం.